పేరమ్మ మెడలో సవతి బిళ్ల

పేరమ్మ ఆ ఇంటికి రెండో పెళ్లాంగా వచ్చింది. రెండో పెళ్లాం అనంగానే ఆ మొగుడు ఎట్టాంటోడో అనుకోబాకండి, ముందామె సచ్చిపోతేనే ఈమెని తెచ్చుకున్నాడు. గుండ్లకమ్మ ఏటి ఒడ్డున గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది. మొగుడు చలమయ్య, ముందామె సింగమ్మ. ఆ సింగమ్మ పెరుగు గంప నెత్తినెత్తుకుందంటే ఊరూరూ తిరిగి, కుండ ఖాళీ అయిందాకా దించేది కాదంట. చుట్టకుదురు ఉంటది చూడు, గుడ్డని చుట్టగా చుట్టి గంప కింద నెత్తిన పెట్టుకుంటాం, అది లేకుండా ఆమెని చూసినోళ్లే లేరంట. ఇంటికొచ్చి అన్నం తింటన్నా అది నెత్తిమీదనే ఉండేదనుకో. అట్టాంటి మనిషి తొలికానుపులో పోయింది. బిడ్డ బతికింది, తల్లి పోయింది. ఆడపిల్ల, తిరపతమ్మ అని పేరు పెట్టుకున్నారు. తల్లిపాలు లేని బిడ్డ, మేకపాలల్లో గుడ్డ ముంచి నోట్లో పెడితే చీకేదంట. మగోడు ఎన్నాళ్లని సాకుతాడు? గొర్ల ఎనకాల పోతాడా, బిడ్డ కాడ కూర్చుంటాడా? ఏడాది తిరిగీ తిరక్కముందే పెద్దోళ్లు పోయి పేరమ్మని మాట్టాడుకోనొచ్చారు. చేతులు ఆపబాకండే, తొడాలు తీస్తానే వినండి, మిరపకాయలు వాటంతట అయ్యే తొడాలు ఊడదీసుకుంటాయా?

రెండో పెళ్లానికి పుస్తెలు ఒక్కటే కడితే చాలదు, అది మీకు తెలుసో తెలవదో. ముందు సచ్చిపోయినామె రూపు బంగారు రేకు మీద కొట్టించి అది కూడా మెడలో వెయ్యాల. సవతి బిళ్ల అంటాం దాన్ని. ఆమె ఈమె గుండెకాయ మీదనే కూర్చున్నట్టన్నమాట. కొత్త కోక కొంటే ముందు బిళ్లకి చూపించి కట్టాల. పండగ పూట ముద్ద ముందు ఆమెకి చూపెట్టి తినాల. శుక్కురారం పసుపు రాసి కుంకం పెట్టాల. మరిచిపోయినావా, ఆమెకి కోపమొచ్చిద్ది, కడుపున పడ్డ కాయ నిలవదు. అట్టా అంటారు, అంతే మరి. నవ్వుతావేందే కోటమ్మా, నీ మొగుడు ఒక్కదాన్నే చేసుకున్నాడు గనక నవ్వుతన్నావు.

సరే, బిళ్ల చేపియ్యాల. బంగారం యాడిది? చలమయ్య దగ్గర ఉన్నదల్లా ఒక్కటే కాసు. వాళ్ల తాత ఎండాకాలం గొర్లకి నీళ్ల కోసమని ఏట్లో చెలమ తవ్వుతుంటే ఇసకలో తళుక్కుమందంట. ఆ తాత దాన్ని కొడుక్కిచ్చాడు, ఆ కొడుకు చలమయ్యకిచ్చి పోయినాడు. కరువొచ్చి గొర్లు పిట్టల్లాగా రాలిపోయిన ఏడు కూడా దాన్ని అమ్ముకోలా. ఇంటికి అదొక దేవుడు. దాన్ని తీసుకోని కంసాలి వీరాచారి దగ్గరికి పోయినాడు, దీన్ని కరిగించి రేకు కొట్టి ఆడమనిషి రూపు దియ్యి ఆచారీ అని. మూట ఇప్పి చేతికియ్యబోతా ఒక్కపాలి దానికల్లా చూశాడంట. చూసి అట్టానే నిలబడిపోయినాడంట. ఎన్నిసార్లు చూసుంటాడో చిన్నప్పటినించీ, ఎన్నడూ కనపడంది ఆ పూట కనపడింది. కాసు మీద ఒక ఆడమనిషి మొహం, పక్కకి తిరిగి ఉంటది. చుట్టూతా ఏయో గీతలు. నెత్తిన ఇంత చుట్ట. "ఆచారీ, ఇది సింగమ్మ గదా! చూడు, నెత్తిన చుట్టకుదురు చూడు!" అన్నాడంట. వీరాచారి కుంపటి పక్కన పెట్టి చూశాడు. చూస్తే ఏముంది, చుట్టకుదురే. ఆ ముక్కు, ఆ మెడ తిప్పటం, గంప మోసేవాళ్లు మెడ నిటారుగా పెడతారు చూడు, అట్టానే ఉంది. పెళ్లాం పోయినోడి కళ్లకి ఏం కావాల్నో అదే కనపడింది పాపం. ఆయన చెప్పినాక ఊరికి కూడా అదే కనపడింది. వచ్చి చూసినోళ్లందరూ అవును అవును, సింగమ్మే, పుట్టకముందే ఎవురో రాసిపెట్టారు అన్నారు. ఇంకేం కరిగిస్తాడు? పైన ఒక కొక్కెం అతికిచ్చి, దారానికి గుచ్చి, పేరమ్మ మెడలో వేశాడు.

పేరమ్మ చిన్నపిల్ల అప్పటికి. సింగమ్మని ఎన్నడూ చూసెరగదు. చూసింది ఆ కాసునే. అది రొమ్ము మీద చల్లగా తగిలితే ఆమె ఒళ్లు జలదరించేదంట. ఆ భయానికో భక్తికో, శుక్కురారం తెల్లారంగానే తలకి పోసుకోని, పసుపు ముద్ద చేసి, బొటనేలితో ఆ మొహం మీద రుద్ది రుద్ది రాసేది. పండగలొస్తే చింతపండు, ముగ్గుపిండి పెట్టి తళతళా తోమేది. సింగమ్మక్క మొహం మాసిపోకూడదు గదా! ఏదున్నా ఆ కాసుతోనే చెప్పుకునేది. అక్కా, ఇయ్యాల నీ బిడ్డకి పళ్లొస్తన్నాయి. అక్కా, నీ మొగుడు అన్నం తినకుండా అలిగిపోయినాడు, నువ్వున్నప్పుడు కూడా ఇట్టానే అలిగేవాడా? అట్టా అన్నమాట. చూసినోళ్లకి నవ్వొచ్చేది గానీ, ఆ ఇంట్లో ఆమెకి మాట్టాడే దిక్కు అదొక్కటే.

ఇంక బిడ్డ సంగతి వినండి. తిరపతమ్మకి మాటలొచ్చాయి. మాటలొచ్చిన బిడ్డ ఏమంటది? ఎత్తుకున్నదాన్ని చూసి అమ్మా అంటది. అంది. పేరమ్మ పొంగిపోయింది. ఆ ఏడే పేరమ్మకి కడుపొచ్చింది. బిడ్డ పుట్టింది, పుట్టి కళ్లు తెరవలేదు. మళ్లీ కడుపొచ్చింది, ఈసారి నెలలు నిండకముందే పోయింది. అప్పుడు ఊళ్లో ఒక ముసల్ది, దాని నోట్లో మన్ను బడ, వచ్చి ఏమందంటే, ఏమే పేరీ, ఆ పిల్ల నిన్ను అమ్మా అమ్మా అంటంటే కన్నతల్లికి కడుపు మండదా, నీ మెడలోనే కూర్చోని వింటంది గదా, ఇంక నీ కడుపు ఎట్టా నిలవనిచ్చిద్ది అంది. ఆ సాయంత్రం పేరమ్మ బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకోని కాసు చూపించి, "ఇదిగో, మీ అమ్మ ఇక్కడుంది. నేను పిన్నమ్మని. నన్ను అమ్మా అనబాక" అని చెప్పింది. పసిబిడ్డకి ఏం తెలుసుద్ది? నిద్రలో లేచి అమ్మా అనేది, పడి మోకాలు గీసుకుంటే అమ్మా అనేది. అట్టా అన్నప్పుడల్లా పేరమ్మ ఏం చేసేదో తెలుసా? గబుక్కున కాసుని తిరగేసేది. మొహం రొమ్ముకల్లా, వీపు బయటికి. చెవులు మూసినట్టు. మూసి, "మెల్లగా అనవే, అక్క వినిద్ది" అనేది. అనొద్దు అనేది కాదు, చూశారా. మెల్లగా అనమనేది. ఆమెకి కూడా అనిపించుకోవాలనే ఉంది. ఏ ఆడదానికి ఉండదు?

పిల్ల పెద్దదయ్యేకొద్దీ నేర్చుకుంది. పిన్నమ్మా అనే పిలిచింది. జొరమొస్తే ఆ కాసు చెంపకి ఆనించుకోని పడుకునేది, మా అమ్మ చల్లగా ఉంది పిన్నమ్మా అనేది. చల్లని కాసు ఆనించుకోని ఆ పిల్ల పడుకుంటే, రేతిరంతా తల దగ్గర కూర్చోని ఒళ్లు తుడిచింది మాత్రం పేరమ్మ. పేరమ్మకి ఇంక బిడ్డలు కలగలా. అక్కా, నీ బిడ్డని నా బిడ్డలాగానే చూసుకుంటన్నా గదా, నన్ను అమ్మా అని కూడా అననియ్యటం లా గదా, నాకొక్క కాయ ఉంచితే నీ సొమ్మేం పోయిద్ది అని కాసు పట్టుకోని ఏడ్చేదంట. ఏడ్చి, మళ్లీ ఎక్కడ కోపమొచ్చిద్దోనని పసుపు రాసేది. అట్టా రాస్తా రాస్తా పిల్లకి పెళ్లి చేసింది, ఏటికి అవతల ఊరికి అత్తగారింటికి పంపింది, మొగుణ్ణి మట్టి చేసింది. పుస్తెలు తీసేశారు గానీ ఆ కాసు తియ్యలా. సవతికీ సవతికీ మజ్జనున్న మగోడు పోయినాడు, సవతులిద్దరే మిగిలారు ఆ ఇంట్లో.

ఏమైందంటే, తిరపతమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి అమ్మమ్మ దీవెన కావాల గదా, కూతుర్ని ఎంటబెట్టుకోని వచ్చింది. కాసు చేతికి తీసుకోని, "ఇదిగోనే మీ అమ్మమ్మ సింగమ్మ, దణ్ణం పెట్టు" అంది. ఆ పిల్ల ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఎలుగులోకి తీసుకుపోయి చూసింది. "ఏదమ్మా, యాడుంది మొహం?" అంది. తిరపతమ్మ చూస్తే ఏముంది, ముక్కు లేదు. కన్ను లేదు. చుట్టకుదురు ఉన్న కాడ ఏదో చిన్న గీత, అంతే. నున్నగా రేవులో బండలాగా ఉంది. తిరపతమ్మ లబోదిబోమంది. నాకున్నది ఈ ఒక్క మొహమే గదా పిన్నమ్మా, మా అమ్మ ఫొటో కూడా లేకపాయె, ఇది కూడా పోతే నేను మా అమ్మని ఇంక యాడ చూసుకునేది అని ఏడ్చింది. మాసిపోకూడదని తోమిందల్లా అరగదీసిందని అప్పుడు తెలిసింది పేరమ్మకి. పేరమ్మా తిరపతమ్మా వీరాచారి దగ్గరికి పరిగెత్తారు. ముసలోడైపోయినాడు అప్పటికి. మళ్లీ చెక్కు ఆచారీ అంటే, "నేను చెక్కితే నా చేతికొచ్చిన మొహం వచ్చిద్ది గానీ సింగమ్మ మొహం ఎట్టా వచ్చిద్దమ్మా? ఒంగోల్లో పాత కాసులు చూసే ఆయన ఒకాయన ఉన్నాడంట, అరిగిన బొమ్మలు కూడా అద్దం పెట్టి పోల్చుకుంటాడంట. మొహం ఎట్టా ఉండేదో ఆయన చేత గీపించుకోని రండి, చూసి చెక్కుతా" అన్నాడు. సరేనని బస్సెక్కారు. అమ్ముకోడానికి కాదు, ఎంత వస్తదో కనుక్కోడానికి కాదు. సింగమ్మ మొహం తెచ్చుకోడానికి పోయినారు ఆ ఇద్దరాడోళ్లు.

ఆ కొట్టాయన మంచోడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. కాసు చేతిలో పెట్టుకోని, అద్దం కంటికి పెట్టుకోని, అంచున మిగిలిన గీతలు చూస్తా చూస్తా మొహం ఇంత చేసుకున్నాడంట. "ఎక్కడిదమ్మా ఇది?" అన్నాడు. తాతల నాటిది బాబూ, మా వంశానిది అంది పేరమ్మ. "మీ తాతలది కాదమ్మా, వాళ్ల తాతల తాతలది కూడా కాదు. ఇది రోము దేశం బంగారు నాణెం. దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ల కిందట ఆ దేశపు ఓడలు మన రేవులకి వచ్చేవి. మిరియాలు, సన్నబట్టలు కొనుక్కోని ఇట్టాంటి కాసులిచ్చి పోయేవాళ్లు" అని చెప్పాడు. చెప్పి, "ఈ కొక్కెం అతకకుండా, మొహం ఉన్నదున్నట్టుగా ఉంటే దీనికి ఎంత అడిగితే అంత ఇచ్చేవాళ్లమ్మా. ఇప్పుడు బంగారం తూకానికి ఇంకాస్త పైన, అంతకన్నా రాదు. ఎవరమ్మా దీన్ని ఇట్టా రుద్దింది?" అన్నాడు. పేరమ్మ తల దించుకోని, "నేనే బాబూ" అంది. తిరపతమ్మకి ఇయ్యేమీ చెవికెక్కలా. "అది సరే అయ్యా, మొహం గీసియ్యండి, మా అమ్మ మొహం" అంది. ఆయనకి అర్థం కాలా. మీ అమ్మేందమ్మా, ఇది ఆ దేశపు రాణి మొహం అన్నాడు. కాదయ్యా, నెత్తిన చుట్టకుదురుంది చూడండి, మా అమ్మ పెరుగమ్మేది అంది తిరపతమ్మ. ఆయన మెల్లగా ఒక లావుపాటి పుస్తకం తీసి, అట్టాంటి కాసుదే అరగని బొమ్మ చూపించాడు. "చుట్టకుదురు కాదమ్మా. సన్నసన్నగా జడలల్లి నెత్తిన చుట్టుకుంది. ఆ రాణులు అట్టా కట్టుకునేవాళ్లు" అన్నాడు.

తిరపతమ్మ ఆ బొమ్మకల్లా చూసింది. ఎన్నడూ ఎరగని ఆడమనిషి. దొరసాని మొహం, దొరసాని ముక్కు. చిన్నప్పుడు చెంపకి ఆనించుకోని పడుకుంది ఈమెనా? పెళ్లిపీటల మీద కళ్లకద్దుకుంది ఈమెనా? పేరమ్మే అడిగింది, ఆ రాణి బతికుండంగా చేపిచ్చారా బాబూ ఈ కాసు అని. కాదమ్మా, ఈ అంచున మిగిలిన గీతలు అచ్చరాలు, వాటిని బట్టి ఆమె పోయినాక మొగుడు రాజు కొట్టించింది, పెళ్లాం మొహం మరిచిపోకూడదని అన్నాడు ఆయన. పేరమ్మ "ఆ రాజు మళ్లీ పెళ్లి చేసుకున్నాడా బాబూ?" అంది. ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయినాడంట. "చేసుకోలేదనే చదివానమ్మా" అన్నాడు. "అయితే ఆ తల్లికి సవతి లేదు. పసుపు రాసే దిక్కు లేక ఇంత దూరం వచ్చిందన్నమాట, పాపం" అనుకుంటా పేరమ్మ కాసుని మళ్లీ దారానికి గుచ్చుకుంది.

బస్సు దిగి ఏటి ఒడ్డున నడుస్తా ఉంటే తిరపతమ్మ నిలబడిపోయింది. ఇంతసేపూ పట్టుకున్నదంతా అప్పుడు పగిలింది అనుకో. "ఎవురో దొరసానిని తెచ్చి మా అమ్మన్నావు. ఆమెకి కోపమొచ్చిద్దని నిన్ను అమ్మా అననియ్యకపోతివి. ఆ అమ్మ మొహమూ నాకు లేకపాయె, ఈ అమ్మని పిలుచుకునే నోరూ లేకపాయె. నాకు ఇద్దరమ్మలుండి ఒక్కరూ లేకుండా చేశావు గదా పిన్నమ్మా!" అంది. పేరమ్మకి మాత్రం ఏం మిగిలింది? ఎవురికి భయపడి తన కడుపుకోత దిగమింగిందో, ఎవుర్ని అడిగి అడిగి ఒక్క బిడ్డ కోసం ఏడ్చిందో, ఆమె అక్కడ లేనే లేదంట. ఇన్నేళ్లూ ఆమె మొర ఆలకించింది ఎవురంట? ఆ మాట తిరపతమ్మకి తట్టలా. బాధలో ఉన్న మనిషికి పక్కోళ్ల బాధ కనపడదు. ఆ కోపాన్నే ఏరు దాటి అత్తగారింటికి పోయింది. కూతురి పెళ్లికి పేరమ్మకి కబురైతే పంపింది గానీ, వచ్చిన మనిషిని ఒక పక్కన కూర్చోబెట్టి ఊరుకుంది.

పేరమ్మ ఇంటికొచ్చి కాసు తీసి దీపం గూట్లో పెట్టేసింది. వీరాచారి కబురు చేశాడు, రాణి అయితే మనకెందుకమ్మా, అమ్మితే గొర్లు కొనుక్కోవచ్చు అని. ఆ మాట చెవిన పెట్టలా. గురారం గడిచింది. శుక్కురారం తెల్లారంగానే తలకి పోసుకుంది, పసుపు కలిపింది, కలిపినాక గుర్తొచ్చింది ఎవురికి రాస్తన్నా అని. ఆ పసుపు ముద్ద చేతిలో పట్టుకోని గుమ్మంలో కూర్చోనుంటే ఎండ నడింట్లోకి వచ్చేసింది. చివరికి లేచి, గూట్లోంచి కాసు తీసి, రాసింది. రాసి మెళ్లో వేసుకుంది. పక్కింటామె, ఇంకా ఎందుకే పేరమ్మా, అది సింగమ్మ కాదంట గదా అంటే, "కాకపోతే ఏందిలే వదినా. నా మాటలన్నీ వినింది ఈమే గదా. ఇప్పుడు ఇంకొకరిని యాడ తెచ్చుకునేది" అందంట.

ఆ ఏడు చలికాలం పేరమ్మ మంచాన పడింది. దగ్గు, ఆయాసం, మనిషి పుల్లయిపోయింది. ఏటవతలికి కబురు పోయింది. తిరపతమ్మ ఎట్టున్నది అట్టా పరిగెత్తుకోనొచ్చింది, చేతికి పిండి కూడా కడుక్కోలేదంట. కోపమంతా ఏట్లోనే కొట్టుకపోయింది. వచ్చి చూస్తే పేరమ్మ కళ్లు మూసుకోనుంది. పిన్నమ్మా అని పిలిచింది. పలకలా. మళ్లీ పిన్నమ్మా అంది. పలకలా. అప్పుడు ఆ పిల్ల, పిల్లేంది, మనవల్ని ఎత్తబోయే మనిషి, మంచం పట్టె పట్టుకోని వంగి, ఊరంతా వినపడేటట్టు, "అమ్మా!" అని అరిచింది. వినండి ఇప్పుడు. పేరమ్మ కళ్లు తెరవలా. చెయ్యి మాత్రం లేచింది. మెడ కాడికి పోయింది, కాసు ఎతుక్కుంది, పట్టుకోని తిరగేసింది. మొహం రొమ్ముకల్లా, వీపు బయటికి. "మెల్లగా అనవే," అంది, "అక్క వినిద్ది." అదే ఆఖరి మాట. ఆ చెయ్యి కాసు మీదనే ఉంది, మనిషి పోయింది. దొరసానని తెలుసు, రాణి అని తెలుసు, పుస్తకంలో బొమ్మ కళ్లారా చూసింది. అయినా పొయ్యేటప్పుడు ఆ పిలుపుని సింగమ్మ చెవిన పడకుండా దాచుకోనే పోయింది. అనిపించుకోవాలనే ఉంది గదా మరి ఆమెకి.

ఇప్పుడా కాసు తిరపతమ్మ మెళ్లో ఉంది. సవతి బిళ్ల కూతురు వేసుకోవటమేందని ఊళ్లో నోళ్లు నొక్కుకున్నారు. నొక్కుకోనియ్యి. నేను చూశా దాన్ని, అడిగితే చేతికిచ్చింది. రాణీ లేదు, సింగమ్మా లేదు, ఏమీ లేదు. మజ్జలో ఒక్క చిన్న గుంట ఉంది, బొటనేలు పెడితే సరిగ్గా దిగిద్ది. అది పేరమ్మ పసుపు రాసిన గుంట. ఇదిగో, ఇదే మా అమ్మ అని తిరపతమ్మ గట్టిగానే చెప్పిద్ది, మెల్లగా చెప్పదు. ఆ ఒంగోలు కొట్టాయన తూకానికి కాస్త పైన అన్నాడే, ఆ కాస్త పైన ఉన్నది ఏందో ఆయనకి తెలిసుండదు, మంచోడే గానీ. సరే, ఇంక లేవండి, పొద్దు వాలతంది, కుప్పేమో కుప్పగానే ఉంది. ఒసే కోటమ్మా, నవ్వినదానివి నువ్వే గదా, ఆ మిరపకాయల చేతుల్తో కళ్లు తుడుచుకోబాకే, మండిపోతాయి.